పీపీటీ చక్కగా వస్తుంది, వీడియో మాత్రం నల్లగా: ప్రొజెక్టర్ మార్చాలా?

ప్రశ్న: నేను నల్గొండ జిల్లాలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో బయాలజీ టీచర్‌ని. మా డిజిటల్ క్లాస్‌రూమ్‌లో ప్రొజెక్టర్‌ను సీలింగ్‌కు బిగించారు. అక్కడి నుంచి వీజీఏ అనే పాత రకం వైరు పైపులోంచి నా టేబుల్ దాకా వస్తుంది. నా ల్యాప్‌టాప్ 2016లో కొన్నది, విండోస్ 10. దానికి హెచ్‌డీఎంఐ అనే కొత్త రకం పోర్టు మాత్రమే ఉంది కాబట్టి మధ్యలో చిన్న కన్వర్టర్ పెట్టి కలుపుతున్నాను. పీపీటీలు, పీడీఎఫ్‌లు బాగానే కనిపిస్తాయి. వీడియో దగ్గరే తంటా. ల్యాప్‌టాప్‌లో దాచుకున్న కణ విభజన వీడియో వేస్తే నా స్క్రీన్ మీద ఆడుతుంది, గోడ మీద తెరపై మాత్రం ఆ చోట నల్లటి డబ్బా కనిపిస్తుంది. ఓటీటీలో అడవి జంతువుల డాక్యుమెంటరీ వేస్తే మాటలు వినిపిస్తాయి, బొమ్మ రాదు. పిల్లలు ఫోన్‌తో తీసిన ప్రయోగాల వీడియోలు ఆగి ఆగి ఆడతాయి. పైగా చాలాసార్లు వైరు పెట్టగానే ల్యాప్‌టాప్ స్పీకర్ మూగబోతుంది. వైరు కొత్తది వేయించమని ఒకరు, ల్యాప్‌టాప్ మార్చమని షాపాయన, ప్రొజెక్టరే కొత్తది తీసుకుందామని మా హెడ్‌మాస్టర్ గారు అంటున్నారు. ఫిబ్రవరి 28న సైన్స్ డేకి తల్లిదండ్రులను పిలుస్తున్నాం. పిల్లలు చీకట్లో కూర్చుని ఎదురుచూస్తుంటే నాకు టెన్షన్‌తో ఏం నొక్కుతున్నానో కూడా తెలియడం లేదు. ఏం చేయమంటారు?

సమాధానం: టీచర్ గారూ, ముందు హెడ్‌మాస్టర్ గారితో ఒక్క మాట చెప్పండి. ఇప్పుడప్పుడే ఏమీ కొనవద్దు. మీ ఉత్తరంలోనే ఆ ధైర్యం ఇచ్చే సంగతి ఉంది: పీపీటీ చక్కగా వస్తోంది.

ప్రొజెక్టర్‌కు పీపీటీ ఏదో, వీడియో ఏదో తెలియదు. ల్యాప్‌టాప్ సెకనుకు మామూలుగా 60 సార్లు స్క్రీన్ మొత్తాన్ని ఒక బొమ్మగా పంపుతూ ఉంటుంది. ఆ బొమ్మలో అక్షరాలున్నా, విడిపోతున్న క్రోమోజోములున్నా వైరుకు, కన్వర్టర్‌కు, ప్రొజెక్టర్ బల్బుకు తేడా లేదు. మీ పీపీటీ రంగులు చెదరకుండా గోడ మీదకు వస్తోందంటే పైపులో వైరు బాగుంది, ప్రొజెక్టర్ బాగుంది. వీడియోకు మాత్రమే వచ్చే జబ్బు ల్యాప్‌టాప్ లోపల, ఆ బొమ్మ తయారయ్యే చోట ఉంటుంది. మీ నాలుగు ఫిర్యాదుల్లో ఓటీటీ ఒక్కటే దీనికి కొంత మినహాయింపు, దాని సంగతి కింద చెబుతాను.

మీకు సలహాలిచ్చిన వాళ్లంతా ఈ నాలుగింటినీ ఒకే జబ్బుగా చూశారు. అవి నాలుగూ వేర్వేరు. జ్వరానికీ, పంటి నొప్పికీ, కాలు బెణుకుకూ కలిపి ఒకే మాత్ర వేస్తే ఏదీ తగ్గనట్టే, వైరు మార్చినా ప్రొజెక్టర్ మార్చినా మీ నాలుగు ఫిర్యాదుల్లో కనీసం రెండు అలాగే ఉండిపోతాయి.

బడి అయిపోయాక ఒక సాయంత్రం తీరిగ్గా కూర్చోండి. ముందు ప్రొజెక్టర్ వైరు పూర్తిగా తీసేసి ప్రతి వీడియోనూ ల్యాప్‌టాప్‌లో మాత్రమే ఆడించి చూడండి. అక్కడే ఆగి ఆగి ఆడితే ప్రొజెక్టర్‌కు దానితో సంబంధం లేదు. అక్కడ హాయిగా ఆడి, వైరు పెట్టాకే చెడితే రెండు స్క్రీన్ల మధ్య పంపకంలో తేడా ఉన్నట్టు. ఈ ఒక్క పరీక్షతో సగం అయోమయం పోతుంది. తర్వాత ఏ మార్పు చేసినా ఒక్కొక్కటే చేయండి. మూడు సెట్టింగులు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు, రేపు మళ్లీ చెడితే ఎక్కడ మొదలుపెట్టాలో కూడా తెలియదు.

ముందు నల్లటి డబ్బా సంగతి చూద్దాం, ఎందుకంటే మిమ్మల్ని ఎక్కువగా భయపెట్టింది అదే.

మామూలు అక్షరాలనూ బొమ్మలనూ విండోస్ తానే ఒక స్క్రీన్‌గా పేర్చి పంపుతుంది. వీడియో బరువైన పని కాబట్టి దాన్ని విప్పి చూపించే బాధ్యతను చాలాసార్లు గ్రాఫిక్స్ చిప్‌కు అప్పగిస్తుంది. చిప్ ఆ వీడియోను మిగతా స్క్రీన్‌తో కలపకుండా, దాని పైన వేరే పొరగా వేస్తుంది. దీన్నే ఓవర్‌లే అంటారు. విండోస్ ఎక్స్‌పీ కాలంలో చాలా చిప్‌లకు ఇలాంటి పొర ఒక్కటే ఉండేది. అది మెయిన్ స్క్రీన్‌కు అతుక్కునేది, రెండో స్క్రీన్‌కు ఖాళీ చోటు మిగిలేది. ఆ రోజుల్లో సెమినార్ హాళ్లలో అందరూ పడిన బాధ ఇదే. 2007లో విస్టా వచ్చాక విండోస్ తానే అన్ని విండోలనూ కలిపి గీయడం మొదలుపెట్టింది, దాంతో ఈ గొడవ చాలావరకు పోయింది. కానీ పాత గ్రాఫిక్స్ డ్రైవర్ (ఆ చిప్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్), రెండు స్క్రీన్లలో ఒకే బొమ్మ చూపించే డూప్లికేట్ పద్ధతి, హార్డ్‌వేర్‌తో వీడియో విప్పడం, ఈ మూడూ ఒకచోట కలిసినప్పుడు ఇప్పటికీ అప్పుడప్పుడు తలెత్తుతుంది. మీరు చెప్పిన గుర్తులు దీనికి సరిగ్గా సరిపోతున్నాయి.

వీడియో ఆపి, కీబోర్డ్ మీద విండోస్ గుర్తున్న మీటా, పీ మీటా కలిపి నొక్కండి. పక్కన నాలుగు ఎంపికలు వస్తాయి. వాటిలో చివరిది, ‘సెకండ్ స్క్రీన్ ఓన్లీ’ ఎంచుకోండి. మీ ల్యాప్‌టాప్ స్క్రీన్ నల్లబడుతుంది, కంగారు పడకండి, అది అలాగే ఉండాలి. ఇప్పుడు గోడ మీదదే ఏకైక స్క్రీన్, కాబట్టి వీడియో పొరకు వెళ్లడానికి ఇంకో చోటు లేదు. ఎక్కువ సందర్భాల్లో ఇక్కడితోనే బొమ్మ వచ్చేస్తుంది. పని అయ్యాక మళ్లీ అవే మీటలు నొక్కి ‘డూప్లికేట్’కు రావచ్చు.

దీనికి ఇంకో లాభం కూడా ఉంది. మీ ల్యాప్‌టాప్ స్క్రీన్ బహుశా 1366 × 768 చుక్కలు, బడుల్లో బిగించిన పాత ప్రొజెక్టర్లు చాలావరకు 1024 × 768. డూప్లికేట్‌లో పెడితే రెండూ ఒకే కొలతకు రావాలి, అప్పుడు ఏదో ఒకటి రాజీ పడుతుంది. సెకండ్ స్క్రీన్ ఓన్లీలో ప్రొజెక్టర్ తన అసలు కొలతలోనే ఆడుతుంది, అక్షరాలు కూడా స్పష్టంగా వస్తాయి. వెడల్పు వీడియోకు పైనా కిందా నల్లటి పట్టీలు మిగిలితే మిగలనివ్వండి. తెర నిండాలని ప్రొజెక్టర్ రిమోట్‌తో సాగదీయవద్దు, గుండ్రంగా ఉండాల్సిన కణం నిలువుగా సాగిపోతుంది. బయాలజీ క్లాసులో ఆకారం తప్పుగా చూపించడం కంటే పట్టీలే నయం.

ఇక రెండో మార్గం వీఎల్‌సీ ప్లేయర్ సెట్టింగ్. మీ దగ్గర వీఎల్‌సీ లేకపోతే దాని అసలు సైట్ నుంచి ఉచితంగా దించుకోండి. 1996లో పారిస్ దగ్గరి ఒక ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థులు తమ క్యాంపస్ నెట్‌వర్క్‌లో వీడియో ఆడించడానికి మొదలుపెట్టిన ప్రాజెక్టులోంచి పుట్టిన ప్లేయర్ అది, ఈ సంగతి మీ పిల్లలకు తప్పక చెప్పండి. దాదాపు అన్ని రకాల వీడియోలనూ విప్పే సరంజామా తనలోనే ఉంచుకుంటుంది, విండోస్‌ను ఏమీ అడగదు. దాన్ని తెరిచి కంట్రోల్, పీ కలిపి నొక్కితే ప్రిఫరెన్సెస్ వస్తుంది. అందులో ‘ఇన్‌పుట్ / కోడెక్స్’ అనే చోట ‘హార్డ్‌వేర్ యాక్సిలరేటెడ్ డీకోడింగ్’ అని ఉంటుంది. దాన్ని ‘డిసేబుల్’ చేసి సేవ్ కొట్టండి. వీఎల్‌సీని పూర్తిగా మూసి మళ్లీ తెరవండి, లేకపోతే మార్పు అమల్లోకి రాకపోవచ్చు. చాలామంది ఈ చివరి పని మరిచిపోయి సెట్టింగ్ పనిచేయలేదనుకుంటారు. అప్పటికీ డబ్బా నల్లగానే ఉంటే అదే ప్రిఫరెన్సెస్‌లో ‘వీడియో’ కింద ‘అవుట్‌పుట్’ అనే చోట ఆటోమేటిక్ బదులు ఓపెన్‌జీఎల్ గానీ, డైరెక్ట్‌3డీ9 గానీ పెట్టి చూడండి.

హార్డ్‌వేర్ సాయం ఆపేస్తే వీడియో విప్పే పని మొత్తం ప్రాసెసర్ మీద పడుతుంది. మామూలు 720పీ వీడియోకు మీ ల్యాప్‌టాప్ చాలు. పెద్ద వీడియోలకు మాత్రం ఇదే ఆగి ఆగి ఆడటానికి కారణం కావచ్చు. అందుకే సెకండ్ స్క్రీన్ ఓన్లీతో పని జరిగితే ఈ సెట్టింగ్ జోలికి వెళ్లవద్దంటాను.

సైన్స్ డే రోజున మీకు ల్యాప్‌టాప్ మీద నోట్స్ కూడా కనిపించాలనుకుంటే విండోస్, పీ మీటలు నొక్కి ‘ఎక్స్‌టెండ్’ పెట్టండి, అప్పుడు రెండు స్క్రీన్లలో వేర్వేరు బొమ్మలు పెట్టుకోవచ్చు. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో ప్రొజెక్టర్‌కు ఇచ్చిన 2 అంకె మీద నొక్కి, కింద ‘మేక్ దిస్ మై మెయిన్ డిస్‌ప్లే’కు టిక్ పెట్టండి. వీఎల్‌సీ విండోను ముందు గోడ మీదకు లాగి, ఆ తర్వాతే వీడియో మొదలుపెట్టి, ఎఫ్ నొక్కితే నిండుగా వస్తుంది. ఆడుతున్న వీడియోను మధ్యలో ఒక స్క్రీన్ నుంచి ఇంకో స్క్రీన్‌కు లాగితే పాత డ్రైవర్లు తడబడతాయి. ఈ పద్ధతిలో మౌస్ బాణం గోడ మీదకు వెళ్లి ‘మాయమవుతుంది’. అలవాటు లేని చేతికి జనం ముందు అది పెద్ద పరీక్ష, కాబట్టి ముందుగా సాధన చేయకుండా ఎక్స్‌టెండ్‌తో వేదిక ఎక్కవద్దు.

గ్రాఫిక్స్ డ్రైవర్‌ను మీ ల్యాప్‌టాప్ కంపెనీ సైట్‌లో మోడల్ నంబర్ కొట్టి దించుకుంటే మంచిదే. కానీ కార్యక్రమానికి ముందు రోజు రాత్రి మాత్రం ఆ పని పెట్టుకోవద్దు. క్లాసు మధ్యలో స్క్రీన్ వింతగా ప్రవర్తిస్తే విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బీ నాలుగూ కలిపి నొక్కండి. గ్రాఫిక్స్ డ్రైవర్ ఒక్కసారి తనను తాను మళ్లీ మొదలుపెట్టుకుంటుంది. స్క్రీన్ ఒక క్షణం మెరిసి వస్తుంది, మీ ఫైళ్లకు ఏమీ కాదు.

ఓటీటీ సంగతి వేరు. ఇది తాళం, ఎవరూ పొరపాటున వేసింది కాదు. ఓటీటీ వీడియోలు దారిలో కాపీ కాకుండా ఇంటెల్ రూపొందించిన హెచ్‌డీసీపీ అనే రక్షణ ఒకటుంది. వీడియో బయలుదేరే ముందు ల్యాప్‌టాప్ అవతలి పరికరాన్ని గుర్తింపు అడుగుతుంది. సరైన జవాబు వస్తేనే బొమ్మ వదులుతుంది. వీజీఏ 1987 నాటిది, పూర్తిగా అనలాగ్, ఈ సంభాషణ జరిపే దారే అందులో లేదు. మీ కన్వర్టర్ దగ్గర దారి తెగిపోతుంది. అందుకే శబ్దం వస్తుంది, కొన్నిసార్లు సబ్‌టైటిల్స్ కూడా కనిపిస్తాయి, బొమ్మ మాత్రం నల్లగా ఉంటుంది. కొన్ని యాప్‌లు నల్లగా చూపే బదులు ఎర్రర్ మెసేజ్ ఇస్తాయి, కొన్ని బొమ్మ నాణ్యత తగ్గిస్తాయి. ఏ సెట్టింగ్ మార్చినా ఈ దారిలో అది తెరుచుకోదు, దాని మీద సమయం పెట్టవద్దు.

మీ ప్రొజెక్టర్ వెనక హెచ్‌డీఎంఐ పోర్టు ఉందేమో చూడండి, చాలా వాటికి ఉంటుంది. ఉంటే కన్వర్టర్, వీజీఏ లేకుండా హెచ్‌డీఎంఐ వైరుతో నేరుగా కలిపితే తాళం తెరుచుకునే అవకాశం ఉంది. ల్యాప్‌టాప్‌ను ప్రొజెక్టర్‌కు దగ్గరగా తెచ్చుకుని పొట్టి వైరు వాడండి. మామూలు హెచ్‌డీఎంఐ వైర్లు 10, 15 మీటర్ల పొడవున నమ్మకంగా పనిచేయవు. తాళాన్ని దాటేస్తాయని చెప్పి అమ్మే డబ్బాల జోలికి మాత్రం వెళ్లవద్దు, ముఖ్యంగా బడి పేరు మీద.

నా మాట వింటే సైన్స్ డేకి ఓటీటీని పూర్తిగా పక్కన పెట్టండి. 1957 కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్, బడి కార్యక్రమంలో భాగంగా సిబ్బందికి, విద్యార్థులకు, వాళ్ల తల్లిదండ్రులకు, సంరక్షకులకు, బడి పనులతో సంబంధం ఉన్నవాళ్లకు మాత్రమే సినిమా చూపించడానికి వెసులుబాటు ఇస్తుంది. కానీ ఓటీటీ చందా మామూలుగా ఇంట్లో సొంతంగా చూసుకోవడానికి ఇచ్చేది, దాని షరతులు వేరే. పైగా నెట్ ఆగిపోతే అక్కడికక్కడే అంతా ఆగిపోతుంది. 2017లో మొదలైన ‘దీక్ష’ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల వేదికలో పాఠ్యపుస్తకాల క్యూఆర్ కోడ్‌తో తెరుచుకునే వీడియోలున్నాయి, ఎన్‌సీఈఆర్‌టీ వీడియోలూ ఉన్నాయి. వాటిని ముందే దించుకుని పెట్టుకోవచ్చు. అన్నిటికంటే ముందు మీ పిల్లలు తీసినవి ఉన్నాయి. తమ బిడ్డ గోడ మీద కనిపిస్తుంటే తల్లిదండ్రులు ఏ పులినీ అడగరు.

ఆ పిల్లల వీడియోలే ఆగి ఆగి ఆడుతున్నాయి కాబట్టి వాటిని సరిచేయడం మీద మీ శ్రమంతా పెట్టండి. ఇదొక్కటి బాగైతే మీ సైన్స్ డే నిలబడుతుంది.

ఫోన్ వీడియోను అలాగే దాచుకోదు, కుదించి దాస్తుంది. 2003లో వచ్చిన హెచ్.264 అనే కుదింపు పద్ధతి దాదాపు ప్రతి పరికరానికీ తెలుసు. 2013లో హెచ్‌ఈవీసీ వచ్చింది. అది ఇంకా ఎక్కువగా కుదిస్తుంది, ఫోన్‌లో చోటు మిగులుతుంది, కానీ విప్పడానికి ఎక్కువ శక్తి కావాలి. ఐఫోన్లు 2017 నుంచి దీన్నే వాడుతున్నాయి, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ ఉంది. ఇంటెల్ ప్రాసెసర్లలో 2015లో వచ్చిన 6వ తరం నుంచే దీన్ని చిప్ నేరుగా విప్పగలుగుతోంది, అదీ మామూలు 8 బిట్ రకాన్ని. రంగుల ఛాయలు ఇంకా ఎక్కువగా ఉండే 10 బిట్ రకానికి 7వ తరం కావాలి. 2016లో కొన్న ల్యాప్‌టాప్‌లో బహుశా 5వ తరమో, 6వ తరమో ఉంటుంది. అంటే మీది సరిగ్గా గట్టు మీద ఉంది. షాపాయన ల్యాప్‌టాప్ పాతదన్న మాట అబద్ధం కాదు, దాన్ని మార్చాలన్న మాటే తొందరపాటు.

ఇది నిజమో కాదో తేల్చుకోవడం తేలిక. వీడియో ఆడుతుండగా వీఎల్‌సీలో కంట్రోల్, జే నొక్కండి. కోడెక్ అనే చోట హెచ్‌ఈవీసీ లేదా హెచ్.265 అని ఉంటే అనుమానం తీరినట్టే. పక్కనున్న స్టాటిస్టిక్స్ పేజీలో ‘లాస్ట్’ అనే అంకె పెరుగుతూ పోతుంటే ల్యాప్‌టాప్ సమయానికి అందించలేక బొమ్మలను వదిలేస్తోందని అర్థం. వాట్సాప్ మామూలుగా వీడియోను చిన్నది చేసి హెచ్.264లో పంపుతుంది కాబట్టి అదే వీడియో వాట్సాప్ కాపీ హాయిగా ఆడి, ఫోన్ నుంచి వైరుతో తెచ్చిన అసలు ఫైలు ఆగుతుంటే అది కూడా ఇదే జబ్బుకు గుర్తు. అలాగని వాట్సాప్ కాపీనే వాడవద్దు, గోడంత పెద్దగా చూపిస్తే బొమ్మ మసకబారిపోతుంది.

హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత ప్రోగ్రామ్ దించుకోండి. వీడియోను అందులోకి లాగి, ప్రీసెట్స్‌లో ‘ఫాస్ట్ 720పీ30’ ఎంచుకుని, స్టార్ట్ కొట్టండి. అది హెచ్.264 ఎంపీ4గా కొత్త ఫైలు తయారుచేస్తుంది, పాతది అలాగే ఉంటుంది. మీ ల్యాప్‌టాప్‌కు సమయం పడుతుంది, రాత్రి పెట్టి పడుకోండి. 720పీ అంటే నాణ్యత పోతుందేమోనని భయపడవద్దు. పిల్లలు 4కేలో తీస్తే ఒక్కో బొమ్మలో దాదాపు 83 లక్షల చుక్కలుంటాయి. 1024 × 768 ప్రొజెక్టర్ చూపగలిగేది 8 లక్షల లోపే. అంటే మీ ల్యాప్‌టాప్ చెమటోడ్చి విప్పిన వాటిలో పదో వంతు కూడా గోడ మీదకు రావడం లేదు. కనపడని చుక్కల కోసం ఆగి ఆగి ఆడటం ఎందుకు?

ఇక ముందు తీయబోయే వాటికి పిల్లలకు చెప్పండి: కెమెరా సెట్టింగ్స్‌లో 1080పీ, సెకనుకు 30 ఫ్రేములు పెట్టాలి. ‘హై ఎఫిషియెన్సీ’ అని ఉంటే ఆఫ్ చేయాలి. ఐఫోన్‌లో అయితే కెమెరా ఫార్మాట్స్‌లో ‘మోస్ట్ కంపాటిబుల్’ ఎంచుకోవాలి. ఫోన్ అడ్డంగా పట్టుకోవాలి, నిలువుగా తీస్తే గోడ మధ్యలో సన్నటి చీలికలా మిగులుతుంది. ఒకరికొకరు పంపుకునేటప్పుడు వాట్సాప్‌లో ‘డాక్యుమెంట్’గా పంపితే ఫైలు చిన్నది కాకుండా వస్తుంది.

ఫైళ్లను పెన్‌డ్రైవ్ నుంచి నేరుగా ఆడించవద్దు, ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసుకోండి. చార్జర్ పెట్టి ఉంచండి, బ్యాటరీ మీద ఉంటే పొదుపు కోసం ల్యాప్‌టాప్ తన వేగం తగ్గించుకుంటుంది.

శబ్దం పోవడం ఈ నాలుగింటిలో అన్నిటికంటే సులువైనది. హెచ్‌డీఎంఐ బొమ్మతో పాటు శబ్దాన్ని కూడా మోస్తుంది, వీజీఏ బొమ్మను మాత్రమే మోస్తుంది. మీరు కన్వర్టర్ పెట్టగానే విండోస్ ‘ఇదేదో టీవీ’ అనుకుని శబ్దాన్ని కూడా అటు పంపేస్తోంది. అక్కడి నుంచి వీజీఏలో దానికి దారి లేదు. గడియారం పక్కనున్న స్పీకర్ గుర్తు మీద నొక్కి, పైన పేరు పక్కన ఉన్న బాణం తెరిచి, మళ్లీ ల్యాప్‌టాప్ స్పీకర్లను ఎంచుకోండి. అప్పటికీ వీఎల్‌సీ ఒక్కటే మూగగా ఉంటే దాని ‘ఆడియో’ మెనూలో ‘ఆడియో డివైస్’ చూడండి. కొన్ని కన్వర్టర్లకు పక్కన ఇయర్‌ఫోన్ రంధ్రం ఉంటుంది, అటు పోయిన శబ్దం అక్కడి నుంచి కూడా తీసుకోవచ్చు.

ల్యాప్‌టాప్ స్పీకర్ క్లాసుకే చాలదు, తల్లిదండ్రులు నిండిన హాలుకు అసలు చాలదు. ప్రార్థనకు వాడే మైక్ సెట్ ఆంప్లిఫయర్ వెనక ఆక్స్ అని గానీ, లైన్ ఇన్ అని గానీ రాసి ఉన్న చోట, ల్యాప్‌టాప్ ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి వైరు కలపండి. మైక్ అని ఉన్నచోట పెట్టవద్దు, శబ్దం పగిలిపోతుంది. ఈ మొత్తం వ్యవహారంలో మీరు ఏదైనా కొనాల్సి వస్తే అది ఈ వైరే. గుయ్యిమని మోత వస్తే ఒక్క నిమిషం ల్యాప్‌టాప్ చార్జర్ తీసి చూడండి. మోత ఆగితే చార్జర్‌నూ ఆంప్లిఫయర్‌నూ ఒకే స్విచ్ బోర్డుకు పెట్టండి, చాలాసార్లు తగ్గిపోతుంది. బ్లూటూత్ స్పీకర్ వద్దు. మనిషి పెదవులు ముందు కదిలి, మాట తర్వాత వస్తుంది. తప్పనిసరై వాడితే వీఎల్‌సీలో జే మీట నొక్కిన ప్రతిసారీ శబ్దం 50 మిల్లీసెకన్లు ముందుకు జరుగుతుంది.

మీ కణ విభజన వీడియోకు ఇంగ్లిష్ వ్యాఖ్యానం ఉంటే శబ్దం తీసేసి మీరే మైకులో తెలుగులో చెప్పండి. ఎక్కడ ఆపాలో, ఏ దశను రెండోసారి చూపించాలో మీకు తెలిసినట్టు ఆ గొంతుకు తెలియదు. స్పేస్ బార్ నొక్కితే వీడియో ఆగుతుంది, వీఎల్‌సీలో ‘E’ అక్షరం మీట నొక్కుతూ పోతే ఒక్కో ఫ్రేమే ముందుకు కదులుతుంది. క్రోమోజోములు మధ్యకు వచ్చి వరుసలో నిలబడే క్షణం దగ్గర ఆపి వివరించడానికి ఇంతకంటే మంచి సాధనం లేదు.

కన్వర్టర్ గురించి కొంచెం. అది ల్యాప్‌టాప్ హెచ్‌డీఎంఐ నుంచి వచ్చే కొద్దిపాటి కరెంటుతోనే పనిచేస్తుంది. మధ్యమధ్యలో తెర మొత్తం ఒక క్షణం నల్లబడి వస్తుంటే ఆ కరెంటు చాలడం లేదేమో చూడండి, కొన్నిటికి పక్కన యూఎస్‌బీ వైరు పెట్టుకునే చోటు ఉంటుంది. తెర మొత్తం గులాబీ రంగుకో, పసుపుకో తిరిగితే వీజీఏ పిన్ను వదులైనట్టు, రెండు స్క్రూలూ బిగించండి.

27వ తేదీన అదే గదిలో, అదే వైర్లతో, అదే క్రమంలో మొత్తం కార్యక్రమం ఒకసారి పూర్తిగా నడపండి. ఫైళ్లకు 01, 02 అని ముందు అంకెలు పెట్టుకుంటే చీకట్లో వెతుక్కోనక్కర్లేదు. విండోస్ అప్‌డేట్‌ను ఒక వారం ఆపండి, వాట్సాప్ మూసేయండి, స్లీప్‌ను ‘నెవర్’లో పెట్టండి. పిల్లల్లో ఒకరికి విండోస్, పీ మీటల పని నేర్పి ల్యాప్‌టాప్ దగ్గర కూర్చోబెట్టండి, మీరు మైకు దగ్గర ఉండవచ్చు. ప్రొజెక్టర్‌ను ఆపేటప్పుడు రిమోట్‌తోనే ఆపి, ఫ్యాన్ తిరగడం ఆగాకే మెయిన్ స్విచ్ తీయండి. మధ్యలో కరెంటు పోయి వస్తే బల్బు చల్లారేదాకా కొన్ని నిమిషాలు అది వెలగకపోవచ్చు. అది పాడవడం కాదు, ఆ సమయానికి పిల్లల చేత చెప్పించేందుకు ఏదైనా సిద్ధంగా ఉంచుకోండి.

ఇవన్నీ చేశాక కూడా నల్లటి డబ్బా అలాగే ఉంటే మళ్లీ రాయండి. ల్యాప్‌టాప్ మోడల్, అడుగున స్టిక్కర్ మీదో సెట్టింగ్స్‌లోనో కనిపించే ప్రాసెసర్ పేరు, కంట్రోల్ జే నొక్కినప్పుడు కోడెక్ దగ్గర ఏముందో, సెకండ్ స్క్రీన్ ఓన్లీలో ఏమైనా తేడా కనిపించిందో, ఈ నాలుగూ రాస్తే చాలు. 28వ తేదీకి ముందే జవాబిస్తాను.